కప్పుకు తెల్లని పూత – కరెంటు పొదుపు
(రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



విత్తనములను గురించి, ఎరువులను గురించి, పురుగుమందులను గురించి మీరు ఎన్నో మాటలు వినియున్నారు. నేడు నేను చెప్పబోవునది పొలములోని సంగతి కాదు, మీ నెత్తి మీది కప్పు సంగతి. ఎండకాలమున ఇంట ఫ్యాను, కూలరు, కోళ్ల షెడ్డులో పెద్ద ఫ్యాన్లు, ఫాగర్లు తిరుగుచుండును. నెల తిరుగునప్పటికి బిల్లు వచ్చును. ఆ బిల్లులో కొంత భాగము బయటి ఎండ వలన వచ్చినది. దానిని మనము ఆపలేము. మిగిలిన కొంత కాగిన కప్పు వలన వచ్చినది. దానిని కొంత తగ్గించుకొను ఉపాయము మన చేతిలోనే కలదు, ఖర్చు కూడ స్వల్పమే.

మన తాతల నాటి ఇండ్లను తలచుకొనుడు. కోస్తాలో తాటాకు ఇల్లు, రాయలసీమలో చౌడు మట్టి మిద్దె, తెలంగాణమున గూన పెంకుటిల్లు. తాటాకుల పొరల నడుమ గాలి చిక్కుకొని కదలక నిలుచును. కదలని గాలి వేడిని సులభముగా దాటనీయదు. మట్టి మిద్దె తన మందము చేత పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకొనును. పెంకుల సందుల గుండ వేడి గాలి పైకి జారిపోవును. తరువాత స్లాబు వచ్చినది, రేకు వచ్చినది. వాటిని నిందించుట నా ఉద్దేశము కాదు. తాటాకు ఇంటికి నిప్పు భయము, చెద భయము, ఏటేట కప్పించుకొను ఖర్చు; వీటి నుండి మనలను తప్పించినవి ఆ స్లాబు, ఆ రేకులే. కాని ఎండ మాటకు వచ్చునప్పటికి నాలుగైదు అంగుళముల కాంక్రీటు పగలంత కాగి, రాత్రి భోజనములైన తరువాత కూడ ఆ వేడిని గదిలోనికి దింపుచునే యుండును. పలుచని రేకు సంగతి చెప్పనక్కర లేదు. సూర్యుడు పైకి వచ్చిన గంటకే అది కాగును.

ఎంత వేడి పడుచున్నదో ఒక చిన్న లెక్క చూతము. నిర్మలమైన ఆకాశమున్న నాడు మధ్యాహ్నము ఒక చదరపు మీటరు మీద పడు ఎండ సుమారు 1,000 వాట్లు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల ఇల్లు అనుకొనుడు. కప్పు 600 చదరపు అడుగులు, అనగా రమారమి 56 చదరపు మీటర్లు. దాని మీద పడు ఎండ 56 కిలోవాట్లు. మీ బోరు మీది 5 హార్సుపవరు మోటార్లు పదునైదు ఒక్కసారి నడిచినచో ఎంత శక్తియో, అంత శక్తి మీ ఇంటి కప్పు మీద పడుచున్నది. నల్లబడిన పాత స్లాబు ఇందులో నాల్గవ వంతు కంటె ఎక్కువ వెనుకకు త్రిప్పి పంపజాలదు. తక్కిన పదకొండు మోటార్ల శక్తిని తానే మ్రింగును. అదే స్లాబు మీద చిక్కని తెల్లని పూత ఉన్నచో లెక్క తారుమారగును. మూడు వంతులు ఆకాశమునకు త్రిప్పి పంపి, ఒక వంతు మాత్రమే తాను తీసికొనును.

మ్రింగినదంతయు ఇంటిలోనికి వచ్చునని భావింపకుడు. చాల భాగము గాలికి పోవును, కొంత ఆకాశమునకు పోవును. గదిలోనికి దిగునది కొంతయే. ఆ కొంతకే మనము రాత్రి పన్నెండు గంటల వరకు నిద్రలేక దొర్లుచున్నాము.

ఇచ్చట రెండవ గుణమొకటి తెలిసికొనవలసియున్నది. పూత ఎండను త్రిప్పి పంపుట ఒకటి. తాను పీల్చిన కొద్ది వేడిని మరల ఆకాశమునకు వదలివేయుట రెండవది. సున్నమునకు, తెల్ల రంగునకు ఈ రెండు గుణములును కలవు. క్రొత్త జింకు రేకు తళతళ మెరయును. అంత మెరయునది చల్లగా ఉండవలెను గదా యని మనకు తోచును. మధ్యాహ్నము చేయి పెట్టి చూడుడు, పెట్టలేరు. దానికి మొదటి గుణము కొంత ఉన్నను రెండవ గుణము చాల తక్కువ. తాను పట్టిన వేడిని త్వరగా వదలదు. కావున మెరుపు వేరు, తెలుపు వేరు. మనకు కావలసినది తెలుపు.

ఇక అంగడిలో అమ్ము పూతల మాట. ‘వేడి నిరోధక రంగు’ అనియు, ‘ఇన్సులేషన్ పెయింటు’ అనియు డబ్బాలు వచ్చుచున్నవి. ఇందులో గాజు పూసలున్నవి, పింగాణీ పొడి ఉన్నది, ఒక పూత వేసినచో కొన్ని అంగుళముల థర్మోకోలుతో సమానము అని చెప్పువారు కూడ కలరు. రైతు సోదరులు ఈ మాట దగ్గర కొంచెము ఆగవలెను. వేడిని దాటనీయక అడ్డగించుటకు మందము కావలెను. రజాయి వెచ్చగా ఉండుటకు దానిలోని దూది మందము కారణము. అదే దూదితో నేసిన పంచె కప్పుకొన్నచో చలి ఆగదు. రంగు పూత మందము అర మిల్లీమీటరు. రెండంగుళముల థర్మోకోలు 50 మిల్లీమీటర్లు. మందములోనే 100 రెట్ల తేడా ఉండగా, రంగులో ఏమి కలిపినను ఆ తేడా పూడదు. ఆ డబ్బాలోని రంగు చల్లదనమీయదని నేననుట లేదు. తెల్లగా ఉన్నచో చల్లదనము ఇచ్చును. ఆ చల్లదనము ఎండను త్రిప్పి పంపుట వలన వచ్చునది. తక్కువ ధరకు వచ్చు మంచి తెల్ల రంగు కూడ ఆ పనిని చాల వరకు చేయును.

దీని నుండియే ఇంకొక సంగతి తేలుచున్నది. పూత పని చేయునది ఎండ తగులు చోటనే. పడమటి ఎండ తగులు బయటి గోడకు తెల్ల రంగు మంచిదే. గది లోపలి గోడలకు ఇట్టి ఖరీదైన రంగు వేయించి కరెంటు మిగులునని ఎదురుచూచుట వృథా. లోపల ఎండ లేదు, త్రిప్పి పంపుటకు ఏమియు లేదు. కొనదలచినవారు అమ్మువానిని రెండు అంకెలు అడుగవలెను: ఎండను ఎంత వంతు త్రిప్పి పంపును, వేడిని ఎంత వంతు వదలును. 2017 నాటి కేంద్ర ఇంధన పొదుపు భవన నియమావళిలో పెద్ద వాణిజ్య భవనముల చల్లని కప్పులకు మొదటి అంకె 0.60కి, రెండవది 0.90కి తగ్గరాదని ఉండెను. పరీక్షాశాల కాగితము మీద ఈ అంకెలు చూపలేనివాని మాటలు ఎంత తియ్యగానున్నను ప్రయోజనము లేదు. మూడేండ్లు ఎండకు వానకు నిలిచిన తరువాత అంకె ఎంత యని కూడ అడుగుడు. సాధారణముగా అచ్చటనే సంగతి బయటపడును.

ఇది పుస్తకములోని మాట మాత్రమే కాదు. అహమ్మదాబాదు నగరము 2010లో తీవ్రమైన వడగాడ్పులకు గురియై, 2013లో ఎండ నుండి ప్రజలను కాపాడు ప్రణాళికను చేసికొన్నది. 2017లో అచ్చటి పేదల వాడలలో కప్పులకు తెల్ల సున్నము వేయు కార్యక్రమమును మొదలుపెట్టిరి. అదే సంవత్సరము హైదరాబాదులో ఒక బస్తీలోని 25 చిన్న ఇండ్ల కప్పుల మీద తెల్లని పొరను పరచి చూడగా, ఇంటిలోని వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినట్లు తేలినది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానము నొకటి ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రమున 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇట్లు మార్చవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. పెద్ద భవనములకు దానిని నిబంధన చేసి, 600 చదరపు గజములకు లోబడిన స్థలములలోని ఇండ్లకు యజమాని ఇష్టమునకు విడిచిరి. పల్లెలలోని మన ఇండ్లు చాల వరకు ఈ రెండవ తరగతిలోనివే.

రెండు డిగ్రీలేనా యని మీలో కొందరు అనుకొనుచుందురు. ఈ అనుమానము న్యాయమైనదే గనుక కొంచెము వివరింతును. చలికాలపు తెల్లవారుజామున మంట ముందు కూర్చున్నప్పుడు గాలి చల్లగానే ఉండును, ముఖము మాత్రము చురుక్కుమనును. మంట గాలిని వేడిచేయక మునుపే తన వేడిని తిన్నగా ముఖము మీదికి పంపుచున్నది. కాగిన రేకు కూడ అట్లే నెత్తి మీద మంట వలె పని చేయును. ఉష్ణమాపకము గాలి వేడిని చూపును. ఈ తిన్ననైన సెగను సరిగా చూపదు. పూత వేసిన తరువాత గాలిలో రెండు డిగ్రీలే తగ్గినను, నెత్తి మీది సెగ అంతకంటె చాల ఎక్కువ తగ్గును.

పశువుల పాకలో, కోళ్ల షెడ్డులో ఈ సంగతి మరింత ముఖ్యము. ప్రక్కలు తెరచియున్న షెడ్డులో బయటి గాలి లోపలికి వచ్చిపోవుచుండును గనుక, గాలి వేడి పెద్దగా మారదు. ఉష్ణమాపకము చూచి ‘పూత వలన లాభము లేదు’ అని కొందరు రైతులు విసుగుకొందురు. వారు కోళ్లను చూడవలెను, ఉష్ణమాపకమును కాదు. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగనే 41 డిగ్రీల వరకు ఉండును. ఎండ ముదిరినప్పుడు నోరు తెరచి రొప్పుట ఒక్కటే దానికి గల దారి. అదేపనిగా రొప్పినచో రక్తములోని బొగ్గుపులుసు వాయువు అధికముగా బయటికి పోయి, గ్రుడ్డు పెంకు కట్టుటకు కావలసిన పదార్థము తగ్గును. అందుచేతనే మేనెలలో పెంకు పలుచబడి గ్రుడ్లు ట్రేలోనే పగులుచున్నవి. మేత తగ్గును, గ్రుడ్లు తగ్గును; ఇంకను ముదిరినచో కోళ్లే పోవును. 2015 మేనెలలోని వడగాడ్పులు మీకు జ్ఞాపకముండును. దేశమున రెండువేలకు పైగా ప్రజలు మరణింపగా, వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రముల వారే. ఆ దినములలో కోళ్ల రైతులు పడిన నష్టము ఇంతింత కాదు.

గేదె మాట చూడుడు. ఒళ్లు నలుపు, వెంట్రుకలు తక్కువ, ఆవుతో పోల్చినచో చెమట గ్రంథులును తక్కువ. అందుకే అది చెరువు కనబడిన దిగక మానదు. రేకుల పాకలో మధ్యాహ్నమంత కట్టివేసిన గేదె మేత ముట్టదు, పాలు తగ్గించును, ఎదకు వచ్చినను లక్షణములు బయట పడవు. హెచ్.ఎఫ్. సంకరజాతి ఆవులు ఎండకు మరింత సుకుమారమైనవి. పాకకు పూత వేసిన పిదప నీళ్లు చల్లుట, ఫ్యాను వేయుట మానవచ్చునని నేను చెప్పను. వాటిని నడపవలసిన గంటలు తగ్గును. అంతవరకే నా మాట.

విత్తనము నిలువచేయు గది యున్నవారు ఇంకొక లెక్క గుర్తుంచుకొనవలెను. గింజ నిలువ శాస్త్రములో హ్యారింగ్టన్ సూత్రమని ఒకటి కలదు. గది వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గినచో గింజ మొలకెత్తు శక్తి నిలుచు కాలము రెండింతలగును. గింజలోని తేమ ఒక శాతము తగ్గినను అంతే. రబీ వేరుశనగను ఖరీఫు విత్తనము కొరకు దాచువారు ఎండకాలమంతయు దానిని రేకుల గదిలో ఉంచి, తొలకరికి మొలక రాలేదని విత్తనమును తిట్టుట కలదు. గది కప్పుకు పూత వేసి, కాయను ఒలవక బాగుగా ఎండిన కాయగనే ఉంచినచో ఈ బాధ చాల వరకు తగ్గును.

ఇప్పుడు పని చేయు విధము. మాఘము వెళ్లి ఫాల్గుణము వచ్చునప్పటికి పూత పూర్తి కావలెను. ఉగాది తరువాత వేసినచో సగము ఎండ గడచిపోయినట్లే. స్లాబుకు సున్నము చాలును. మొదట కప్పు మీది దుమ్ము, పాచి గీకి, కడిగి, పగుళ్లుండిన సిమెంటుతో పూడ్చవలెను. పగులును పూడ్చక పైన సున్నము కొట్టినచో వానకాలమున నీరు లోపలికి దిగును, అప్పుడు నింద సున్నము మీద పడును. కిలో సున్నమునకు 5 లీటర్ల నీటి లెక్కన తొట్టిలో నీరు పోసి, అందులో సున్నము వేయవలెను. సున్నము మీద నీరు పోయుట ప్రమాదము, చిందును. అల్యూమినియం పాత్ర వాడరాదు, సున్నము దానిని తినివేయును. ఒక రాత్రి, ఒక పగలు నాననిచ్చి, ముతక గుడ్డలో వడగట్టి, పలుచని మీగడ వలె చేసికొనవలెను. పది లీటర్లకు 40 గ్రాముల జిగురు వేడినీటిలో కరగించి కలుపుడు. జిగురు లేనిచో చిక్కని గంజి అయినను పనికివచ్చును. గోడలకు వేయునపుడు కొంచెము నీలి కలుపుట మన ఆడువారికి అలవాటు. కప్పుకు అది వలదు. నీలి కంటికి తెలుపును పెంచునే గాని ఎండను త్రిప్పి పంపుటకు పనికిరాదు.

సాయంకాలము పని మొదలుపెట్టి, కప్పును తడిపి, ఒక పూత నిలువుగా, అది ఆరిన మరునాడు ఇంకొకటి అడ్డముగా, వీలైన మూడవది వేయుడు. మండుటెండలో వేసిన సున్నము పట్టుకొనక ముందే ఎండి పొడియై రాలును. కొందరు తెల్ల సిమెంటు కొంత కలుపుదురు. గట్టిగా నిలుచును, కాని కలిపిన వెంటనే వాడివేయవలెను. పదార్థము ఎంత పట్టునో ముందుగా తెలియవలెనన్న, ఒక మంచమంత మేర పూసి కొలిచి చూచినచో మీ స్లాబు లెక్క మీకే వచ్చును.

ఇనుప జింకు రేకులకు సున్నము నిలువదు, పెచ్చులుగా లేచును, జింకు పూతకు కూడ మంచిది కాదు. అందులో ఉప్పు కలిపినచో రేకు త్రుప్పు పట్టును. వాటికి ప్రైమరు వేసి, బయటి గోడలకు వాడు తెల్ల ఎక్రిలిక్ రంగు రెండు పూతలు వేయుట మేలు. ఖర్చు సున్నము కంటె ఎక్కువయే గాని, కొన్నేండ్లు నిలుచును.

సిమెంటు రేకుల సంగతి వేరుగా చెప్పవలెను, ఏలయన ఇచ్చట ప్రాణముతో పని. పాత సిమెంటు రేకు చూచుటకు గట్టిగానుండును. మనిషి బరువుకు ఒక్కసారిగా విరుగును. దాని మీద తిన్నగా కాలు మోపరాదు. క్రింద ఇనుప దూలములు లేక వాసములున్న చోటు బోల్టుల వరుసను బట్టి తెలియును. ఆ వరుసల మీదుగా వెడల్పైన చెక్కపలకలు పరచి, నడుమునకు త్రాడు కట్టుకొని పలక మీదనే నడువవలెను. నిచ్చెన మీద నిలిచి పొడుగు కర్రకు కట్టిన రోలరుతో వేయగలిగినచో ఇంకను మంచిది. ఒక్కడే ఉన్నప్పుడు ఎక్కరాదు. ఆ రేకులలో ఆస్బెస్టాసు నార ఉండును; పొడిగా బ్రష్షుతో గీకినచో ఆ నార ధూళిగా లేచి ఊపిరితిత్తులలో చేరి, ఏండ్ల తరువాత ప్రాణము మీదికి తెచ్చును. కావున పాచి తీయదలచినవారు నీటితో బాగుగా తడిపి, మెత్తని చీపురుతో మాత్రమే తీయుడు. సున్నము కలుపునపుడును, పూయునపుడును కంటికి అద్దములు పెట్టుకొనుడు. కంటిలో పడినచో నులుమక, ధారగా మంచినీటితో చాలసేపు కడిగి, వెంటనే వైద్యునికి చూపుడు.

షెడ్డు మీద తాటాకు గాని వరిగడ్డి గాని పరచు అలవాటు చాలచోట్ల కలదు. నిజము చెప్పవలెనన్న, వేడిని ఆపుటలో నాలుగంగుళముల గడ్డి మన పూతకు తీసిపోదు. కాని ఎండకాలపు గడ్డి మీద ఒక నిప్పురవ్వ పడినచో షెడ్డు మొత్తము పోవును. ఎలుకలు, పాములు చేరును. గడ్డి ఇప్పుడు పశువులకే చాలుట లేదు. ఇంటి మీద సొరపాదు, గుమ్మడిపాదు ప్రాకించువారిని మాత్రము నేను కాదనను. నీడయు కూరయు రెండును వచ్చును.

పూత వేసితిమి గదా యని మరచిపోరాదు. దుమ్ము, పాచి పట్టినకొలది తెలుపు తగ్గును, తెలుపుతో పాటు చల్లదనమును తగ్గును. సున్నము వానలకు చాల భాగము కొట్టుకొనిపోవును. దీనిలో నష్టమేమియు లేదు. చలికాలమునకు కప్పు కొంచెము నల్లబడి, మరల ఎండకాలము ముందు క్రొత్త పూత పడును. ఎక్రిలిక్ రంగు వేసినవారు ఏటేట ఫాల్గుణమున ఒకసారి కడిగిన చాలును. కప్పు మీది వాననీటిని తొట్టిలో పట్టువారు, పూత తరువాతి మొదటి రెండు మూడు వానల నీటిని బయటికి వదలివేయవలెను. పాడేరు, అరకు, లంబసింగి వంటి కొండ ప్రాంతముల వారికి చలి బాధయే ఎక్కువ గనుక ఈ ఖర్చుతో వారికి పని లేదు.

పూత ఏది కొనవలెనో తేలనివారికి ఒక పరీక్ష చెప్పెదను. ఒకే రకము, ఒకే వయసు గల రేకు ముక్కలు మూడు తీసికొనుడు. ఒకటి ఉన్నట్లే విడువుడు, రెండవదానికి సాదా తెల్ల రంగు, మూడవదానికి అమ్మువాడు చెప్పిన ఖరీదైన రంగు వేయుడు. బాగుగా ఆరిన తరువాత మూడింటిని ఇటుకల మీద ఒక్క ఎత్తున, నీడ తగులని చోట ప్రక్కప్రక్కన నిలిపి, మధ్యాహ్నము ఒంటిగంటకు ఒక్కొక్కదాని అడుగున చేయి పెట్టి చూడుడు. రెండవదానికి మూడవదానికి తేడా తెలియనిచో, ఆ ఎక్కువ ధర ఎందుకు ఇయ్యవలెనో అమ్మువానినే అడుగుడు.